బరువైన కారుకు బలమొక్కటే చాలదు

తొలి సంపాదనతో శక్తిమంతమైన సెడాన్ కొన్న యువకుని దృష్టి ముందుగా అశ్వశక్తిని పెంచడంపైకే పోతుంది. రేస్ ట్రాక్‌పై ఈ క్రమం తలక్రిందులు కావాలి.

2,000 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 30 లక్షల జౌళ్లు. దాదాపు 9 లీటర్ల చన్నీటిని మరిగే స్థితికి తేగల శక్తి అది. కారును ఆపాలంటే అందులో అధికభాగం బ్రేకులలో ఉష్ణంగా మారవలసిందే. బ్రేక్ ద్రవం కాలక్రమాన తేమను పీల్చుకొంటుంది. దాని మరుగు స్థానం పడిపోతుంది. ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తబడి నేలకంటుతుంది, కారు ఆగదు. కనుక తొలి వ్యయం కొత్త ద్రవానికి, వేడికి తట్టుకొనే ప్యాడ్లకు, మేలైన టైర్లకు జరగాలి.

మలుపులో భారం వెలుపలి చక్రాలపైకి మళ్లుతుంది. టైరుపై భారం రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు. అందువల్ల ముందుభాగం బరువైన కారు మలుపు తిరగక వెలుపలికి జారుతుంది. ముందు చక్రాల పైభాగాన్ని కొద్దిగా లోపలికి వాల్చడం, వెనుక యాంటీ-రోల్ బార్‌ను కొంత గట్టిపరచడం దీనికి విరుగుడు. అతిగా గట్టిపరిస్తే వెనుకభాగమే జారుతుంది.

2008లో క్యాడిలాక్ సీటీఎస్-వీ సెడాన్ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌ను 8 నిమిషాలలోపే చుట్టివచ్చింది. దాని 556 అశ్వశక్తికి తోడుగా, దారినిబట్టి బిగువు మార్చుకొనే అయస్కాంత డ్యాంపర్లు ఉన్నాయి. నడిపినవాడు ఆరితేరిన చోదకుడు.

బిడ్డ వేగాన్ని కోరితే తల్లిదండ్రులు వారించడంకన్న ట్రాక్‌పై శిక్షణ ఇప్పించడం మేలు. ఆపడం నేర్చినవానికే వేగం శోభిస్తుంది.