ఇందిరది స్వార్థమా?



సరదాగా చదివిన నవలల గురించి గత సంచికలో రాసిన పాఠకురాలు, డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లోని ఇందిరను ఉత్త స్వార్థపరురాలని తేల్చేశారు. నేనూ ఈ సెలవుల్లోనే ఆ నవల మళ్లీ చదివాను. ఆ మాట ఒప్పుకోలేను. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఆడపిల్ల తన సుఖం తాను కోరుకుంటే తప్పా? మేనమామకు జడిసి ఆమెతో పెళ్లికి వెనక్కి తగ్గిన ప్రకాశాన్ని వదిలేసి ఆమెనే నిలదీయడం అన్యాయం. నవలలోని మరో పాత్ర కల్యాణి మంచితనం నాకూ ఇష్టమే, కానీ పుస్తకం మూశాక వెంటాడేది ఇందిరే. 1950ల్లోనే అలాంటి మనిషిని సృష్టించిన శ్రీదేవి మరో నవల రాయకుండానే 1961లో కన్నుమూశారు. ఈ నవల ఆధారంగా తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా చూసి కథంతా తెలుసనుకునేవారు దయచేసి నవల కూడా చదవండి.

– ఒక పాఠకుడు, విజయనగరం