చుక్క మింగిన గుంటలు

పహాణీలో 0.30 అని ఉంటే తెలంగాణలో మనం దాన్ని ముప్పై గుంటలని చదువుతాం. నలభై గుంటలు ఎకరం కాబట్టి అది ముప్పాతిక ఎకరం. కంప్యూటరుకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే దానికి చుక్క అంటే దశాంశ బిందువే. 0.30 అన్నా 0.3 అన్నా ఒకటే. చివరి సున్నాకు విలువ లేదని బడిలో మనకూ చెప్పారు కదా! అంకెను మామూలు సంఖ్యగా దాచిపెడితే తిరిగి చూపేటప్పుడు 0.3 అని చూపుతుంది. చదివేవాడు మూడు గుంటలంటాడు.

దీని ఖరీదు చూద్దాం. 2025లో రైతు భరోసా కింద ఎకరానికి పంటకు 6 వేల రూపాయలు ప్రకటించారు. ముప్పై గుంటలకు రావలసింది 4,500. 0.30ని దశాంశమనుకుని గుణిస్తే 1,800. మూడు గుంటలని లెక్కిస్తే 450. ఎవడూ లంచం తినలేదు, ఏ దొరా గట్టు జరపలేదు, అయినా భూమి తరిగిపోయింది. పెద్ద ఆసామికి పది గుంటలు అటూ ఇటూ అయితే వకీలున్నాడు. అసైన్డ్ పట్టా మీద బతికే కూలీ కుటుంబానికి ఎవరున్నారు?

కూడికలోనూ ఇదే గోల. ఒక చెలక 1.30, ఇంకొకటి 2.25. మన లెక్కలో నాలుగెకరాల పదిహేను గుంటలు. యంత్రం 3.55 అంటుంది. యాభై ఐదు గుంటలు అనే మాట ఎక్కడైనా విన్నామా? ఆంధ్రలో ఎకరానికి నూరు సెంట్లు గనుక అక్కడ చుక్క నిజంగానే దశాంశం, కూడిక సరిపోతుంది. అక్కడి లెక్కను ఇక్కడ అతికిస్తేనే కొంప మునుగుతుంది. 1984లో రద్దయిన పట్వారీ దొంగలెక్క రాసినా, గుంటకూ సెంటుకూ తేడా తెలిసే రాసేవాడు.

2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేర్లు ఏవైనా మేము అడిగేది లోపలి గడి సంగతి. ఎకరాలకొక గడి, గుంటలకొక గడి పెట్టాలి. లేదా అంతా గుంటల్లోనే దాచి, చూపేటప్పుడు నలభైతో భాగించాలి. అర గుంటలూ ఉంటాయి కాబట్టి గుంటల గడి 'డెసిమల్' రకంగా ఉండాలి, చుక్క తర్వాత ఎన్ని అంకెలో ముందే ఖాయం చేయాలి. 'ఫ్లోట్' అనే రకం వద్దు. అది రెండు మీద నడిచే లెక్క, అందులో పదోవంతు సరిగ్గా ఇమడదు. ఒకటిని మూడుతో భాగిస్తే మనకు తెగనట్లే దానికది తెగదు. కూలి డబ్బుల పట్టికలకూ ఇదే మాట.

గ్రామసభల్లో జాబితా అంటించేటప్పుడు ఎకరాలు, గుంటలు వేర్వేరుగా రాయమని పట్టుబట్టాలి. పాసుపుస్తకం రాగానే పాత పహాణీ పక్కన పెట్టి చూడండి. చుక్క తర్వాత ఒకే అంకె ఉన్నా, గుంటలు నలభై గానీ అంతకు మించి గానీ ఉన్నా, ఆ వారంలోనే తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.