అడ్జస్టయ్యేదెవరు?

ఇంగ్లీషువాడు వెళుతూ వెళుతూ మనకి వదిలిపోయిన మాటల్లో నాకు బొత్తిగా గిట్టనిది ఒకటుంది. "అడ్జస్టు". ముగ్గురు కూర్చునే బస్సు సీటు దగ్గర నాలుగో ఆవిడ నిలబడి "కాస్త అడ్జస్టవండమ్మా" అంటుంది. నెలాఖరున పక్కింటావిడ "ఓ ఐదొందలు అడ్జస్టు చేద్దురూ" అంటుంది. అప్పు అనడానికి నామోషీ మరి! చిల్లర లేని కొట్టువాడు చేతిలో రెండు చాక్లెట్లు పెట్టి అదే మాట అంటాడు. జాకెట్టు బిగుతుగా కుట్టిన టైలరూ అంతే. ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. ఒక్క మాటతో ఇన్ని పనులు జరుగుతుంటే మంచిదే.

నా పేచీ అల్లా దాని వెనకాల చేరే తెలుగు క్రియతోనే. గడియారాన్నీ, బ్రేకునీ, కుట్టుమిషను మీద దారం బిగువునీ అడ్జస్టు చేస్తారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఈ "చేయడం" కాస్తా "అవడం" అయి కూర్చుంటుంది. అందులోనూ ఎవరి వాటా వాళ్ళకుంది. ఆయన టూరు ప్రోగ్రాము అడ్జస్టు చేసుకుంటారు. ఆవిడ ఉద్యోగం మానేసి అడ్జస్టవుతుంది! "అమ్మాయి అడ్జస్టయ్యే మనిషేనా?" అని వాకబు చేయని పెళ్ళివారిని నేను చూడలేదు. "మరి అబ్బాయో?" అని అడిగిన ఆడపెళ్ళివారినీ చూడలేదు. ఈ మాట పుట్టుక వెతికితే "దగ్గర" అనే అర్థమున్న లాటిన్ మాట తగులుతుంది. దగ్గరికి చేర్చడమన్నమాట. ఒకరు కదలకుండా కూర్చుని రెండోవారిని ఈడ్చుకోవడం అని మాత్రం ఎక్కడా లేదు.

"మనకి సర్దుకుపోవడం లేదూ? ఇంగ్లీషునెందుకు ఆడిపోసుకుంటావ్?" అంటారు మావారు. ఉంది. కాకపోతే మన మాటలో ఓ వెసులుబాటుంది. పెట్టె సర్దుకుని పోవడం కూడా సర్దుకుపోవడమే! ఆ అర్థం పెద్దలెవరూ చెప్పరు.

చెప్పకపోగా, అలా వెళ్ళినామెను వెనక్కి రప్పించడానికి చట్టం కూడా ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షను. సరైన కారణం లేకుండా విడిగా ఉంటున్న భార్యనో, భర్తనో కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. 1983లో సినీనటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ సెక్షను రాజ్యాంగం ముందు నిలవదంది. తన శరీరం మీద, తన ఏకాంతం మీద మనిషికున్న హక్కుని ఇది కాలరాస్తుందంది. నాకెంత సంబరమో! అది ఎంతోకాలం నిలవనిచ్చారా? మరుసటి ఏడే, 1984లో, ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లుతుందని తేల్చేసింది. కాపురాలు కూలిపోకుండా అది అడ్డుపడుతుందిట.

కోర్టుల సంగతి అలా ఉంచి, పెళ్ళీడు కూతుళ్ళున్న అమ్మలు ఒక పని చెయ్యండి. ఈసారి వాళ్ళు ఆ ప్రశ్న వెయ్యగానే, అబ్బాయి ఏమేం అడ్జస్టవుతాడో అడగండి. వంటింట్లోనా? అమ్మాయికి బదిలీ అయితే వెంట వెళ్ళడంలోనా? మీకు జబ్బు చేస్తే చూసుకోవడంలోనా? నీళ్ళు నమిలితే, కాఫీలు చల్లారిపోయినా సరే, మళ్ళీ అడగండి.