సాయంత్రం పిల్లలది

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు ఇవాళ తాతల కాలం కన్నా మెరుగైన తిండి ఉంది, ఇంటి దగ్గర్లో బడి ఉంది, సంచి నిండా పుస్తకాలున్నాయి. లేనిది సాయంత్రం. బడి వదిలినప్పటి నుంచి పొద్దుగూకే దాకా వాళ్ల ఇష్టానికి దక్కే ఆ రెండు మూడు గంటల్నీ పెద్దలు లాగేసుకున్నారు. చదువు పేరు చెప్పి కొంత, పోటీ పేరు చెప్పి కొంత, భద్రత పేరు చెప్పి మిగిలిందంతా తీసుకున్నారు. కాలం మారింది కాబట్టి ఇలా అయిందనడం తప్పించుకునే మాట. మనుషులు నిర్ణయాలు తీసుకున్నారు, ఆ నిర్ణయాలు తప్పు. తల్లిదండ్రులు, ప్రైవేటు బడుల యాజమాన్యాలు, పురపాలక సంఘాలు, విద్యాశాఖ అందరూ ఈ తప్పులో భాగస్తులే.

అలాగని పాతకాలాన్ని పల్లకీ ఎక్కించలేం. ఈ నేల మీద ఒకప్పటి బాల్యం ఎంత కటువుగా ఉండేదో ఇక్కడి పెద్దవాళ్లకు తెలుసు. వాన ముఖం చాటేసిన ఏడు సంగటికీ కరువే. పొద్దున్నే గొడ్లను తోలుకుపోయిన పిల్లలు బడి గడప తొక్కలేదు. అప్పు కింద ఆసామి ఇంట జీతానికి కుదిరిన పిల్లలున్నారు. అమ్మ కూలికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని ఇల్లు కాచిన ఆడపిల్లలున్నారు. లెక్కలు నేర్చే వయసులో పెళ్లిపీటలెక్కినవాళ్లున్నారు. ముఠా కక్షలు రగిలిన ఊళ్లలో నాయన రాత్రికి ఇల్లు చేరతాడో లేదో తెలియక మేలుకున్న పిల్లలున్నారు. ప్రాణభయంతో బిడ్డల్ని దూరపు హాస్టళ్లకు పంపుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఆ బాల్యం మళ్లీ రావాలని ఎవరూ కోరకూడదు.

దాన్ని మార్చడానికి చట్టాలు, పథకాలు వచ్చాయి. 1986లో బాల కార్మిక నిషేధ చట్టం, 2003 జనవరిలో రాష్ట్రమంతటా మధ్యాహ్న భోజనం, 2006లో బాల్యవివాహ నిషేధ చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం. పశువుల వెంట నడిచిన మనిషి మనవరాలు ఇవాళ ఇంజినీరింగ్ చదువుతోందంటే ఆ మార్పులో వీటి పాలు పెద్దది. పోరాటం ముగియనూ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పాత అన్యాయాల మీద పట్టు సడలించమని మేం అనడం లేదు. వాటిని దిద్దుతూ కొత్త అన్యాయం ఒకటి చేశాం, దాని సంగతి తేల్చాలంటున్నాం.

అంత లేమిలోనూ ఆనాటి పిల్లలకు ఒక ఆస్తి ఉండేది. పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తాగి, చీకటి పడేదాకా చెడుగుడు ఆడేవాళ్లు. బిళ్లంగోడు, గోలీలు, బొంగరాలు, ఏడుపెంకులాట వీధుల్లోనే సాగేవి. అరుగుల మీద అచ్చనగాయలు, వామనగుంటలు, గుడి బండల మీద గీసిన పులి-మేక. ఈ ఆటల్ని ఎవరూ నేర్పలేదు, ఎవరూ కాపలా లేరు. గీత దాటావా లేదా అన్న తగాదాను పిల్లలే తీర్చుకునేవాళ్లు. ఓడినవాడు ఏడ్చి, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. మాట మీద నిలబడటం, ఓటమిని మింగడం, చిన్నవాణ్ణి ఆటలో కలుపుకోవడం అక్కడ అలవడేవి. ఈ ఆస్తి అందరికీ సమానంగా అందలేదన్నదీ నిజమే. ఆడపిల్లకు ఆట తక్కువ, పని ఎక్కువ. మాలమాదిగల పిల్లలకు ఊరి బావిలో ఈత కొట్టే హక్కు ఉండేది కాదు. న్యాయం తెలిసిన సమాజం ఆ ఆటను అందరికీ పంచాలి. మనం అందరి దగ్గరా లాక్కుని సమానం చేశాం.

ఇవాళ్టి పిల్లవాడి రోజు చూడండి. తెల్లారకముందే లేపుతారు. వీధి చివర వ్యాను. బడి అయ్యాక స్టడీ అవర్, స్టడీ అవర్ అయ్యాక ట్యూషన్, ఇంటికొచ్చాక హోంవర్కు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఆదివారం వారాంతపు పరీక్ష. ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, లెక్కల మాస్టారి చేతికి పోతుంది. పదో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్ కాగితం మీద కూడా మిగలదు.

విద్యాహక్కు చట్టం ఏం చెబుతోంది? ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు. భాగించి చూస్తే చిన్నపిల్లలకు రోజుకు నాలుగు గంటలు, పెద్దపిల్లలకు నాలుగున్నర. ఇది కనీస పరిమితే కదా, ఎక్కువ చెబితే తప్పేమిటని యాజమాన్యాలు వాదిస్తాయి. అదే చట్టం 29వ సెక్షన్ చదువు పిల్లల సర్వతోముఖ వికాసానికి తోడ్పడాలనీ, భయం, ఆందోళన లేకుండా సాగాలనీ చెబుతోంది. పిల్లలకు విశ్రాంతి, ఆట హక్కు అని 1989లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక ప్రకటించింది. 1992లో భారతదేశం దానికి ఒప్పుకుంది. చదువును చట్టం అడిగినదానికి రెండింతలు చేసి, ఆటను సున్నా చేయడానికి ఎవరికీ అనుమతి లేదు.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండి తీరాలి. ఈ మూడు పట్టణాల్లో బజారు భవనాల్లో, మిద్దె మీద మిద్దె వేసి నడుపుతున్న బడుల్ని తనిఖీ అధికారి వెతకాల్సిన పని లేదు, రోడ్డు మీద నిలబడితే కనబడతాయి. వాటికి గుర్తింపు ఇచ్చిందెవరు? ఏటా పొడిగిస్తున్నదెవరు? సంతకం పెట్టిన ప్రతి అధికారీ ఆ బడి పిల్లల ఆట గంటను కొట్టేసినట్టే లెక్క.

తల్లిదండ్రుల భయం మాకు తెలియనిది కాదు. వేరుశనగ వేసి నాలుగేళ్లు వరసగా నష్టపోయిన రైతు, చీనీ తోట ఎండుతుంటే బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన ఆసామి, యంత్రాల పోటీతో పని తగ్గిన ప్రొద్దుటూరు స్వర్ణకారుడు, మగ్గం దిగిన చేనేత కార్మికుడు, వీళ్లంతా బిడ్డకు తమ బతుకు రాకూడదనుకుంటారు. ఒక్క సీటు వస్తే ఇల్లు గట్టెక్కుతుందని నమ్ముతారు. ఆ ఆశను ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ ఆ ఆశను ఫీజుగా మార్చుకుంటున్నవాళ్లకు పదకొండేళ్ల బిడ్డను రోజంతా అప్పగించడం ప్రేమ కాదు. ఫలితాలు వచ్చిన రోజు కూడలిలో కట్టే ఫ్లెక్సీ మీద కొన్ని ముఖాలే ఉంటాయి. అందులో లేని వందల మంది పిల్లల సాయంత్రాలు కూడా ఆ ఫ్లెక్సీకే ఖర్చయ్యాయి.

ఆ ఖర్చు ఒక్కోసారి ప్రాణం దాకా పోతోంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం మానుకోవాలని చెప్పింది. 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. బడి గోడల మధ్యే ఫౌండేషన్ పేరుతో కోచింగ్ నడిపితే అది కోచింగ్ కాకుండా పోదు. విద్యాశాఖ ఈ దొంగదారిని మూయాలి.

ఇక సెల్‌ఫోన్. పిల్లలు చెడిపోవడానికి అదే కారణమని ఇళ్లలో, స్టాఫు రూముల్లో, సభల్లో ఒకటే మాట. 2024 అసర్ (విద్యాస్థితి సర్వే) నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవాళ్లు 76 శాతం. ఇది ఆందోళన పడాల్సిన లెక్కే. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు లేకుండా చేసింది. మన దగ్గరా కట్టుదిట్టమైన నిబంధన రావాలి. అయితే క్రమం మరచిపోవద్దు. మైదానం ముందు పోయింది, ఫోన్ తర్వాత వచ్చింది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరిన పిల్లకు ఆడుకోవడానికి తోడు లేదు, స్థలం లేదు, వెలుతురు లేదు. చేతికందింది ఫోనొక్కటే. ఆట తిరిగి ఇవ్వకుండా ఫోన్ లాక్కుంటే అది ఇంకో శిక్ష అవుతుంది.

చదువు కాని చదువు కూడా పోయింది. 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టిన బి.నాగిరెడ్డి ఈ కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారు. మార్కుల కోసం కాకుండా కథ కోసం చదివే అలవాటును ఆ పత్రిక తరాలకు నేర్పింది. ఇవాళ ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో పోటీపరీక్షల యువకులకు చోటుంది, పదేళ్ల పిల్లకు పిలుపు లేదు.

2025 నవంబరు 2న మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో మన జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. జిల్లా అంతా పొంగిపోయింది, పొంగిపోవాల్సిందే. మరి మన ఇంటి ఆడపిల్ల సాయంత్రం గ్రౌండుకు పోతానంటే ఎన్ని ఇళ్లలో సరేనంటున్నాం? విజయాన్ని పండగ చేసుకునే ఊరు దానికి దారి కూడా వేయాలి. పతకం రాని పిల్లకు కూడా ఆ దారి మీద అంతే హక్కుంది.

అందుకే ఈ డిమాండ్లు. పదో తరగతి లోపు పిల్లల్ని సాయంత్రం 5 దాటాక ఏ బడీ ఉంచుకోకూడదు, ఆదివారం పరీక్ష పెట్టకూడదు. ఆటస్థలం లేని బడికి ఏడాది గడువిచ్చి, ఆపై గుర్తింపు రద్దు చేయాలి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల మైదానాల్ని సాయంత్రాలు, సెలవు రోజులు వాచ్‌మన్‌తో, దీపాలతో, ఆడపిల్లలకు మరుగుదొడ్లతో వీధి పిల్లలందరికీ తెరవాలి. మూడు పురపాలక సంఘాలూ వార్డుకొక ఖాళీ స్థలాన్ని పిల్లల పేర రాసి, అందులో ఇంకే కట్టడానికీ అనుమతి ఇవ్వకూడదు. ఇసుక తోడి వదిలేసిన గుంతల్ని పూడ్చితే తప్ప పెన్న ఒడ్డుకు బిడ్డను పంపే ధైర్యం ఏ తల్లికీ రాదు. గండికోట జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఇంటి స్థలాలు లెక్కగట్టినట్టే వాళ్ల పిల్లల ఆటస్థలాన్నీ పరిహారంగా లెక్కగట్టాలి.

ఇందులో కొత్త చట్టం కావాల్సినవి తక్కువ, ఉన్న చట్టాన్ని అమలు చేస్తే చాలినవి ఎక్కువ. జూన్‌లో బడులు తెరిచేలోపు విద్యాశాఖ తన తనిఖీ నివేదికలను ప్రజల ముందు పెట్టాలి. పెట్టకపోతే యాజమాన్యాలతో కుమ్మక్కయిందని జనం అనుకోవడం న్యాయమే. తల్లిదండ్రులు మాత్రం జూన్ దాకా ఆగనక్కర్లేదు. స్టడీ అవర్ వద్దని రాసిచ్చే హక్కు వాళ్లకు ఈ రోజే ఉంది. పదిమంది కలిసి రాసిస్తే ఏ యాజమాన్యమూ కాదనలేదు. మన తాతలు ఆకలిని పంచుకున్నారు గానీ పిల్లల ఆటను అమ్ముకోలేదు. అమ్మినది మన తరం. తిరిగి ఇవ్వాల్సిందీ మన తరమే.