వేరు చూడకుండా ఆకుకు మందు కొడితే ఫలమేమి?

మంగంపేట: మా వూరి పేరు చెప్పగానే అందరికీ ముగ్గురాయి గుర్తుకు వస్తుంది. రాయి కోసం ఇక్కడ భూమిని ఎంత లోతుకైనా తవ్వుతారు. కానీ చుట్టుప్రక్కల బొప్పాయి, అరటి తోటలు పసుపు బారి కుంగిపోతూవుంటే, జానెడు లోతు తవ్వి వేరు చూచే రైతు అరుదు. దుమ్మువల్ల అని ఒకరు, నీరు చాలలేదని ఒకరు, ఎరువు చాలలేదని మరొకరు అంటారు. చివరకు మందుల అంగడిలో ఇచ్చిన డబ్బా తెచ్చి ఆకుల మీద కొడతారు. డబ్బు ఖర్చవుతుందే గాని తోట తేరుకోదు.

ఇటువంటి తోటల్లో చాలాచోట్ల అసలు దొంగ వేరులో దాగి వుంటాడు. దానినే వేరుబుడిపె నులిపురుగు అంటారు. కంటికి కనుపించనంత చిన్నది. లేత వేరు కొన గుండా లోపలికి దూరి, అక్కడే తిష్ఠ వేసి, మొక్కకు పోవలసిన సారాన్ని పీల్చుకుంటుంది. ఆ చోట వేరు ఉబ్బి బుడిపె అవుతుంది. ఒక్కొక్క ఆడపురుగు రెండు మూడు వందలకు పైగా గ్రుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో నెల తిరిగేసరికి మరొక తరం తయారు. ఇసుకపాలు ఎక్కువగా వున్న తేలిక నేలలంటే దీనికి మరీ ఇష్టం. ఇది చేసిన గాయాల గుండా ఎండుతెగులు, వేరుకుళ్ళు కూడా సులువుగా ప్రవేశిస్తాయి.

దీనిని గుర్తించడం కష్టం కాదు. తోట అంతా ఒకేసారి చెడదు. అక్కడక్కడ గుంపులుగా మొక్కలు గిడసబారుతాయి. మడిలో తేమ వున్నా మధ్యాహ్నపు ఎండకు వాలిపోయి, పొద్దుగూకాక తేరుకుంటాయి. అటువంటి మొక్క మొదట్లో తవ్వి సన్నవేళ్ళు చూడాలి. వేరుశెనగ వేళ్ళకు వుండే మంచి బుడిపెలతో దీనిని పొరబడరాదు. అవి వేరు ప్రక్కన అంటుకొని వుండి, గోటితో గీకితే ఊడి వస్తాయి. నులిపురుగు బుడిపె ఊడదు. వేరే ఉబ్బి వుంటుంది.

ఈ పురుగు తనంతట తాను ఒక పొలం నుండి మరొక పొలానికి నడచిపోలేదు. నాగటి మట్టి, పారే నీరు, పశువుల గిట్టలు దానిని మోస్తాయి. అన్నింటికంటె ఎక్కువగా మోసేది నారు సంచి. మనం డబ్బిచ్చి కొని, బండి మీద తెచ్చి, గుంత తీసి మరీ పురుగును పాతిపెట్టుకుంటున్నాము. కనుక కట్టడి మొదలు కావలసినది నర్సరీలోనే అని నా అభిప్రాయం.

ఉద్యాన నర్సరీలు రిజిస్టరు చేసుకోవాలని 2010లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. కాగితం వుంటే చాలదు. సంచులలో నింపే మట్టిని శుద్ధి చేశారా లేదా అని అధికారులు వచ్చి చూడాలి. ఖర్చు పెరుగుతుందని నర్సరీదారులు అనవచ్చును. మండు వేసవిలో మట్టిని తడిపి, పలుచని తెల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మూసి నాలుగు నుండి ఆరు వారాలు వుంచితే ఎండే సగం పని చేస్తుంది. ఆపైన వేపపిండి కలపడానికి అయ్యే ఖర్చు, రైతు ఒక ఏడాది పంట పోగొట్టుకోవడంతో పోలిస్తే లెక్కలోనిది కాదు. రైతు కూడా రూపాయి తక్కువకు దొరికిందని నారు ఎత్తుకు రాకూడదు. ఒకటి రెండు సంచులు చింపి వేళ్ళు చూపమని అడగాలి. అరటి పిలకలకైతే పాత వేళ్ళు, నల్లబడిన పైచర్మం చెక్కి నాటాలి.

ఇప్పటికే పురుగు చేరిన నేలలో దానిని సమూలంగా తుడిచివేయడం సాధ్యం కాదు, తగ్గించడం సాధ్యమే. పంట లేని వేసవిలో రెండు మూడుసార్లు లోతు దుక్కి చేసి ఎండనివ్వాలి. ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయాలి. ట్రైకోడెర్మా 2 కిలోలను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడన తడి ఆరకుండా వారం పది రోజులు మాగనిచ్చి మొక్కల మొదళ్ళలో వేయాలి. గట్టున నాలుగు బంతి మొక్కలు పెడితే చాలదు. చేనంతా రెండు మూడు నెలలు బంతి వుండాలి. తోట సందుల్లో టమాట, వంగ, బెండ, దోస వేస్తే పురుగుకు విందు పెట్టినట్లే. ఇక ఫోరేట్ గుళికల మాట మరచిపోవాలి. 2020 డిసెంబరు 31 నుండి దాని వాడకం దేశమంతటా నిషిద్ధం.

మనకు దగ్గరలోనే ఒక పాఠం వుంది. 1975-76 ప్రాంతంలో శ్రీకాళహస్తి వైపు వేరుశెనగ కాయలు నల్లబడి పాడయ్యాయి. అది మరొక జాతి నులిపురుగు పని అని శాస్త్రజ్ఞులు తేల్చారు. దానికి కాళహస్తి తెగులని పేరు. తరువాత దానిని తట్టుకొనే తిరుపతి-3 రకం వచ్చింది. కారణం తెలిసిన మీదటనే గదా దారి దొరికింది!

మామూలు భూసార పరీక్షలో నులిపురుగు లెక్క రాదు. వేరు దగ్గరి తడి మట్టిని, కొన్ని సన్నవేళ్ళతో సహా, ఎండనివ్వకుండా సంచిలో కట్టి పరీక్షకు పంపాలి. అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల, పరిశోధనా స్థానం మనకు కూతవేటు దూరంలో వున్నవి. గ్రామాలలోని రైతు సేవా కేంద్రాలలో ఈ నమూనాలు తీసుకొని అక్కడికి చేర్చి, ఫలితం రైతుకు తెలిపే ఏర్పాటును ఉద్యానశాఖ అధికారులు వచ్చే నాట్లలోగా చేయవలసిన అవసరం ఎంతైనా వుంది.