ఆటస్థలమునకు రంగుపూత చాలదు

షోలాపురము తూర్పు భాగమున మన పిల్లలాడుకొను ఉద్యానములోని ఆటస్థలము జీర్ణదశకు వచ్చినది. జారుడుబల్ల అంచులు తుప్పుపట్టి చిల్లులు పడినవి. ఉయ్యాల గొలుసుల కొక్కెములు అరిగి సన్నబడినవి. క్రింది నేల రాయివలె గట్టిపడినది. ఎవరి దోషమును ఎన్నుట మా యుద్దేశము గాదు. ఇనుమునకును ఆయువు కలదు. అయితే పండుగకు ముందు రంగు పూసినంత మాత్రమున తుప్పు తినిన ఇనుము బలపడదు. పైగా పగులు కంటికి కనబడక పోవును. కావున పాత సామగ్రిని తొలగించి క్రొత్తది నెలకొల్పవలెనని మేము కోరుచున్నాము.

ఇది విలాసము గాదు. మన వాడలలో మగ్గమున్న ఇంట ముందరిగది మగ్గమునకే చాలదు. తల్లులు బీడీలు చుట్టుచు కూర్చుండగా పిల్లలకు కాలు చాచుటకైనను చోటుండదు. అట్టి బిడ్డలకు ఆ ఉద్యానమే పెరడు. అచ్చటనే తాతలు, అవ్వలు మనుమలతో తెలుగున ముచ్చటలాడుచుందురు. బడిలో మరాఠీ, అంగడిలో హిందీ, పొరుగున కన్నడము విను పిల్లవాడు దాగుడుమూతలాడుచు పదివరకు తెలుగున లెక్కించుట అచ్చటనే నేర్చును.

ఉద్యానము అందరిదైనప్పుడు మన సంఘమేల పూనుకొనవలెనని కొందరు పెద్దలడుగుచున్నారు. అందరిదైనందుననే పూనుకొనవలెను. తరతరములుగా ఈ యూరి నీరు త్రాగినవారము. మరాఠీ, కన్నడ, ఉర్దూ కుటుంబముల ఇరుగుపొరుగులతో కూడి ఒకే మహజరుపై సంతకములు చేయుట మనకు గౌరవము. మరికొందరు ఆ చోట కల్యాణమంటపము కట్టిన ఆదాయము వచ్చునందురు. మంటపమునకు వేఱొక స్థలము చూచుకొనవచ్చును. పిల్లలకు మఱియొక ఉద్యానము ఎచ్చట దొరకును?

మనమడుగునది దానమును గాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పండ్రెండవ షెడ్యూలులో ఉద్యానములు, ఆటస్థలములు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినవి. ఆటలాడుకొనుట బాలల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 31వ అధికరణము చెప్పుచున్నది; భారతదేశము 1992లో ఆ యొడంబడికయందు చేరినది.

ఇక కొనుగోలు విషయమున వర్తకులుగా మా మాట. తక్కువ ధరకు వచ్చినదెల్ల చౌక గాదు. విడిభాగములు ఊరిలో దొరకునా, వెల్డింగు వచ్చిన మన మేస్త్రీలు బాగుచేయగలరా యని ముందు చూడవలెను. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటు ఊరిలో ఇనుప జారుడుబల్ల చర్మమును కాల్చును. దానిని వేపచెట్ల నీడన నిలుపవలెను. ఉయ్యాలల క్రింద సుమారు అడుగు లోతున మెత్తని యిసుక పోయవలెను. పసిపిల్లల ఆటలు పెద్దపిల్లల ఆటలకు దూరముగా నుండవలెను. చక్రముల కుర్చీలో వచ్చు బిడ్డకును దారి యుండవలెను.

సామగ్రి వచ్చిన తోడనే మన పని ముగియదు. ఇసుకను వారమునకొకమారు తిరుగవేయుట, నెలకొకమారు గొలుసులను, బోల్టులను పరీక్షించుట మన యువకులు వాడలవారిగా వంతులు వేసికొని చేయవలెను. రానున్న సంఘ సమావేశమునకు ప్రతి యింటినుండి ఒక్కరైనను వచ్చి మహజరుపై సంతకము చేయ గోరుచున్నాము. తల్లులు తప్పక రావలెను. ఏ ఉయ్యాల ఎచ్చట తెగునో మనకన్న వారికే బాగుగా తెలియును.