కాగితాలు సరే, కట్టడం సంగతేమిటి?

పాత ఫ్లాటు కొనేటప్పుడు మనవాళ్లు తీసే ఆరా తక్కువేమీ కాదు. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు పట్టుకుని వకీలు చుట్టూ తిరుగుతారు. స్థలంలో మన వాటా (యూడీఎస్) ఎన్ని గజాలొస్తుంది, పర్మిషన్ ఎన్ని అంతస్తులకుంది, పక్కనున్న చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) ఎక్కడిదాకా వస్తుంది అని నలుగురినీ అడుగుతారు. సిద్ధాంతిని వెంటబెట్టుకెళ్లి సింహద్వారం, వంటగది మూల, మెట్ల దిక్కు చూపిస్తారు. అన్నీ కుదిరాయనుకున్నాకే అడ్వాన్సు చేతిలో పెడతారు. ఇంతమందిలో స్ట్రక్చరల్ ఇంజనీరు మాత్రం ఎక్కడా కనిపించడు. భవనాన్ని మోస్తున్న పిల్లర్లు ఎలా ఉన్నాయి, స్లాబులో చువ్వలకు తుప్పు పట్టిందా, గోడల్లోని కరెంటు తీగలు ఏ కాలం నాటివి అని ఎవరూ అడగకుండానే జీవితకాలపు సంపాదన చేతులు మారిపోతోంది.

బ్యాంకు లోనిచ్చిందంటే బిల్డింగు బాగున్నట్టేగా అని చాలామంది ధీమా. బ్యాంకు పంపే వాల్యుయర్ పని వేరు. బాకీ తీరకపోతే ఆ ఫ్లాటు అమ్మితే ఎంతొస్తుందో తేల్చడం అతని బాధ్యత. కొలతలు చూస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, చుట్టుపక్కల ధరలు కనుక్కుంటాడు, భవనం ఇంకెన్నేళ్లు నిలుస్తుందో వయసును బట్టి ఒక అంకె వేస్తాడు. సాధారణంగా పిల్లరు మీద సుత్తి కూడా ఆనించడు. ఇక రెరా చట్టం సంగతి. 2016 నాటి ఆ చట్టంలోని 14(3) సెక్షన్ మంచి రక్షణే ఇచ్చింది. ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి, చేయకపోతే పరిహారం కట్టాలి. ఇరవై ఏళ్ల కిందటి ఫ్లాటును రీసేల్‌లో కొనేవాళ్లకు ఇందులో దక్కేదేమీ లేదు. తెలంగాణలో 60 లక్షల దస్తావేజు రాయించుకుంటే స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు ప్రభుత్వానికి కడుతున్నాం. అంత సొమ్ము తీసుకునే యంత్రాంగం ఆ భవనం ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయదు.

కాంక్రీటు ఒకసారి పోస్తే వందేళ్లు చెక్కుచెదరదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కాంక్రీటు గట్టిదే గానీ గాలీ నీళ్లూ చొరబడనిదేం కాదు. కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, లోపలి చువ్వను తుప్పు నుంచి కాపాడేది ఆ గుణమే. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పైనుంచి లోపలికి ఇంకుతూ దాన్ని హరిస్తుంది. ఆ మార్పు చువ్వ దాకా చేరి, చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు చువ్వ పొడవునా పగిలి, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే చువ్వ మీద ఎంత మందాన కాంక్రీటు కప్పి ఉందన్నది భవనం ఆయుష్షును తేలుస్తుంది. ఐఎస్ 456 కోడ్ ప్రకారం పిల్లరుకు మామూలుగా 40 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. కవర్ బ్లాకులు పెట్టకుండా, చువ్వ సెంట్రింగ్ పలకకు ఆనుకుని ఉండగానే మాల్ పోసేసిన చోట ఆ రక్షణ ఉండనే ఉండదు. విశాఖ లాంటి తీర నగరాల్లో సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఈ పనిని ఇంకా వేగంగా చేస్తుంది.

ఈ తుప్పు పనిని కళ్లారా చూడాలంటే ఏ పాత అపార్ట్‌మెంటులోనైనా స్టిల్టు పార్కింగులోకి వెళ్లి, పిల్లరు మొదట్లో, నేల నుంచి మోకాలెత్తు దాకా పరిశీలించాలి. కార్లు కడిగిన నీళ్లు, వాననీళ్లు చేరేది అక్కడికే. అమ్మకానికి పెట్టే ముందు రంగులు వేయించి ఉండొచ్చు, పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి చోట్లే. రంగు కింద పిల్లరు అంచు వెంట నిలువుగా సన్నటి గీత ఉందేమో చూడాలి. గోధుమరంగు మరక చారలా దిగిందేమో చూడాలి. చిన్న సుత్తితో తట్టి వినాలి. కాంక్రీటు బాగున్న చోట శబ్దం గట్టిగా, కురచగా వస్తుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఈపాటి పరీక్ష కొనేవాళ్లు కూడా చేసుకోవచ్చు. అనుమానం తగిలితే ఇంజనీరు రీబౌండ్ హామర్‌తో పైపొర గట్టిదనాన్ని, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి డొల్లను, హాఫ్ సెల్ పరీక్షతో చువ్వల్లో తుప్పు అవకాశాన్ని అంచనా వేస్తారు. మరీ అవసరమైతే కోర్ తీసి ల్యాబుకు పంపుతారు.

బీటలన్నీ ఒకటి కావు. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా పరుచుకున్న సన్నగీతలు చూసి బెంబేలు పడక్కర్లేదు. బీముకూ ఇటుక గోడకూ మధ్య అడ్డంగా వచ్చే గీత కూడా చాలాసార్లు రెండు పదార్థాలు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల వచ్చేదే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగే బీట మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందేమోనని అనుమానించాల్సిన రకం. అది ఆగిపోయిన పాత బీటా, ఇంకా పెరుగుతున్నదా అన్నది తేలాలి. బీటకు అడ్డంగా చిన్న గాజుపలక అతికించి వదిలేయడం పాత ఇంజనీర్ల పద్ధతి, గోడ కదిలితే గాజు పగులుతుంది. అడ్వాన్సుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఉండే వ్యవధిలో ఈ పని నిక్షేపంగా చేయించుకోవచ్చు.

మన నగరాల్లో మరో పెద్ద ప్రమాదం పర్మిషన్ లేని అదనపు అంతస్తు. దాన్ని మనం కాగితాల సమస్యగానే చూస్తున్నాం. బీపీఎస్ అనో, బీఆర్ఎస్ అనో ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటిస్తే జరిమానా కట్టి ఊపిరి పీల్చుకుంటున్నాం. పునాదికి అది బరువు సమస్య. మూడంతస్తులకు లెక్కకట్టి వేసిన పిల్లర్ల మీద నాలుగోది, ఆపైన పెంట్‌హౌస్, వాటిపైన నీళ్ల ట్యాంకు కూర్చుంటే, క్రమబద్ధీకరణ రసీదు ఆ భారంలో ఒక్క కిలో కూడా తగ్గించదు. భవనం నిలబడకపోతే ఏమవుతుందో మనం చూశాం. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. బతుకుతెరువుకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో అందులో ఉన్నారు. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి పరిధిలోని సిద్దిఖ్‌నగర్‌లో, పక్క స్థలంలో పునాదికి గొయ్యి తవ్వడంతో నాలుగంతస్తుల ఇల్లు ఒరిగిపోయింది, జీహెచ్ఎంసీకి దాన్ని కూల్చక తప్పలేదు. కాబట్టి కొనబోయే భవనాన్నే చూస్తే సరిపోదు, గోడకు ఆనుకుని ఉన్న ఖాళీ స్థలాన్నీ చూడాలి.

స్టిల్టు పార్కింగు విషయం విజయవాడవాసులు మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. పై అంతస్తుల్లో గోడలుంటాయి, కింద వట్టి పిల్లర్లే. భూమి కంపించినప్పుడు కదలికంతా ఆ కింది అంతస్తులోనే పోగుపడుతుంది. 2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వస్తే, రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు కుప్పకూలాయి. ఆ మరుసటి ఏడాది సవరించిన భూకంప కోడ్, కింద గోడల్లేని అంతస్తు పిల్లర్లను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేసే నిబంధన పెట్టింది. హైదరాబాద్‌ను రెండో జోన్‌లో ఉంచిన ఆ కోడే విజయవాడను మూడో జోన్‌లో పెట్టింది. 2002కు ముందు కట్టిన స్టిల్టు భవనం కొనేవాళ్లు స్ట్రక్చరల్ డ్రాయింగు అడిగి, ఇంజనీరుకు చూపించుకోవాలి.

నీళ్లు, కరెంటు, లిఫ్టు రోజూ వాడేవే అయినా వాటి దగ్గరా మొహమాటమే అడ్డొస్తోంది. బాత్రూం సంకెన్ స్లాబు కారుతోందో లేదో మనం కొనే ఫ్లాటులో తెలియదు, కింది ఇంటి పైకప్పులో తెలుస్తుంది. "అమ్మా, ఒక్కసారి మీ బాత్రూం చూడనిస్తారా" అని కింది వాళ్లను అడగడానికి నోరు రాదు. అడగాలి. వీలైతే నీళ్లు పోయే దారి మూసి, బాత్రూంలో రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, 24 గంటల తర్వాత కిందికెళ్లి చూడాలి. చెమ్మ మచ్చ, తెల్లటి ఉప్పు పూత, ఊడుతున్న పెచ్చు కనిపిస్తే మరమ్మతు ఖర్చు బేరంలోకి రావాల్సిందే. కరెంటు సంగతి ఇంకా తీవ్రమైనది. 1990లలో వైరింగు చేసినప్పుడు ఇంటికి నాలుగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక ఫ్రిజ్ లెక్క. అదే వైరు మీద ఇప్పుడు గదికో ఏసీ, రెండు గీజర్లు, ఇండక్షన్ స్టవ్, కింద స్కూటర్ చార్జింగు నడుస్తున్నాయి. 2025 మే నెలలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయినప్పుడు అధికారుల తొలి అనుమానం షార్ట్ సర్క్యూట్ మీదికే వెళ్లింది. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు టక్కున ఆగుతోందా అని చూడటానికి నిమిషం చాలు. ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చెబుతాడు. లిఫ్టుకు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉందా, చివరి సర్వీసు ఎప్పుడైందన్నది రిజిస్టరులో ఉంటుంది.

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. టెక్సస్‌లో ఒప్పందం రాసుకున్నాక కొనేవారు చిన్న రుసుము కట్టి కొద్ది రోజుల ఆప్షన్ గడువు తీసుకుంటారు. రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు ఆలోగా వచ్చి కప్పు నుంచి పునాది దాకా చూసి, ఫొటోలతో నివేదిక ఇస్తాడు. దాన్ని ముందు పెట్టుకుని మరమ్మతు అడగొచ్చు, ధర తగ్గించమనొచ్చు, ఇల్లు వద్దని తప్పుకోవచ్చు. అక్కడి నేల కూడా తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి, మన గుంటూరు నల్లరేగడి లాంటిదే. అందుకే పునాది తనిఖీ అంటే అక్కడ అంత పట్టింపు. అక్కడ ఇన్‌స్పెక్షన్ లేనిదే సంతకం పెట్టని కొడుకు, ఇక్కడ అమ్మానాన్నల కోసం కొనే ఫ్లాటుకు వీడియో కాల్‌లో హాలు చూసి అడ్వాన్సు పంపేస్తున్నాడు.

ఇంజనీరును తెస్తామంటే అమ్మేవాళ్లు ఒప్పుకోరని, ఈలోగా ఇంకొకరు ఎగరేసుకుపోతారని ఏజెంట్లు తొందరపెడతారు. ఆ తొందర వెనక వాళ్ల కమీషన్ ఉంది. చట్టం కొనేవారి పక్షానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి కనబడని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, దాన్ని చెప్పి తీరాలి. అది టైటిల్‌కే పరిమితం కాదు, ఆస్తికీ వర్తిస్తుంది. మన వకీళ్లు ఈ సెక్షన్‌ను టైటిల్ కోసమే ఎక్కువగా వాడుతున్నారు. కట్టడం విషయంలోనూ అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాయించాలి. ఇంజనీరు పరీక్షలో నిర్మాణ లోపం తేలితే అడ్వాన్సు తిరిగివ్వాలన్నది ఒకటి, గతంలో జరిగిన లీకేజీలు, మరమ్మతులు, తనకు తెలిసిన లోపాలను అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలన్నది రెండోది. ఇంజనీరు ఫీజు, ఇంట్లో దిగేముందు వేయించే రంగుల ఖర్చు ముందు పెద్దదేమీ కాదు.

అయితే ఒక్క కొనుగోలుదారు జాగ్రత్త పడితే తీరే వ్యవహారం కాదిది. ఫ్లాటు ఒకరిదే, పిల్లర్లు అందరివీ. గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసో అపార్ట్‌మెంట్లో 2022 ఫిబ్రవరిలో పై అంతస్తు నుంచి స్లాబులు ఒకదాని మీద ఒకటి కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. పరీక్షించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీటులో క్లోరైడ్లు ఉన్నాయని, చువ్వలు తుప్పుపట్టాయని తేల్చారు. ఆ పై అంతస్తుల ఇంట్లో ఎవరు ఎంత ముచ్చటగా టైల్స్ వేయించుకున్నా కింది ఇంటి వాళ్లకు ఒరిగేదేముంది? ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్‌లో కూలిన భవనంలో 98 మంది పోయారు. మూడేళ్ల ముందే ఒక ఇంజనీరు నివేదిక ఈతకొలను ప్రాంగణం కింద కాంక్రీటు దెబ్బతిందని చెప్పింది. మరమ్మతుకు ఎవరెంత వేసుకోవాలన్న చర్చల్లోనే కాలం గడిచిపోయింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండో భవనాలకు ముప్ఫై ఏళ్లు నిండితే తనిఖీ తప్పనిసరి చేసింది. అంత దూరం పోనక్కర్లేదు, ముంబైలో ముప్ఫై ఏళ్లు దాటిన భవనానికి స్ట్రక్చరల్ ఆడిట్ చట్టబద్ధంగా తప్పనిసరి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లు జోరుగా లేచింది 1980ల చివర, 90లలో. అవి ఇప్పుడు ముప్ఫై ఏళ్లు దాటాయి, లేదా దాటబోతున్నాయి. వానాకాలం ముందు శిథిల భవనాల జాబితా తీసి నోటీసులు అంటించడంతో మన మున్సిపాలిటీల బాధ్యత తీరిపోతోంది. రెండు రాష్ట్రాలూ ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి అపార్ట్‌మెంటుకు గుర్తింపు పొందిన ఇంజనీరు ఆడిట్‌ను తప్పనిసరి చేయాలి. ఆ నివేదికను ఈసీ లాగే ఎవరైనా ఫీజు కట్టి తీసుకునేలా ఉంచాలి. రీసేల్ దస్తావేజుకు అది జతపడితే బ్యాంకు వాల్యుయర్ కూడా దాన్ని చూడక తప్పదు. ఆడిట్ ఖర్చుకు భయపడే అసోసియేషన్లు కార్పస్ ఫండ్‌లో కొంత ఏటా దీనికే పక్కన పెడితే ఒక్కసారిగా భారం పడదు. అమ్ముకునేవాళ్లకు ధర పడిపోతుందన్న బెంగ ఉంటుంది, దాన్ని కాదనలేం. కానీ ఇవాళ ఆ నష్టాన్ని ఏమీ తెలియకుండా మోస్తున్నది కొనేవాళ్లే.

ఆడిట్ చేయాలంటే ఇంజనీరు ముందు అడిగేది స్ట్రక్చరల్ డ్రాయింగు, సాయిల్ టెస్ట్ రిపోర్టు. చాలా అసోసియేషన్ల బీరువాల్లో మెయింటెనెన్స్ రసీదులు దొరుకుతాయి గానీ ఆ రెండూ దొరకవు. ఆనాడు డిజైన్ చేసిన ఇంజనీర్లు, కట్టిన బిల్డర్లు కొందరింకా ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల అటకల మీద ఆ కాగితాలు ఇంకా ఉంటే, అసోసియేషన్లు ఈ వేసవిలోపే వెళ్లి ఒక కాపీ తెచ్చి పెట్టుకోవాలి.